రెండు నక్షత్రాల తాకిడి నుంచి పది నిమిషాల కృతి: లైవ్ ఎలక్ట్రానిక్స్‌తో ఛాంబర్ సంగీతం రాయడం ఎలా

ఖగోళ భౌతికశాస్త్రం ప్రేరణగా సంగీతం రాయబోయేవారిలో చాలామంది ఒక వాతావరణం దగ్గరే ఆగిపోతారు. దీర్ఘంగా సాగే మంద్రధ్వని, దానిమీద అక్కడక్కడా మెరిసే గంటలు, చుట్టూ విస్తారమైన ప్రతిధ్వని ఉంటాయి. వినడానికి బాగానే ఉంటుంది గాని, ఆ సంగీతానికి సముద్రమని పేరు పెట్టినా, ఎడారి అని పేరు పెట్టినా వినేవారికి తేడా తెలియదు. ఇక్కడ చూపించదలచింది వేరే దారి. ఒక ఖగోళ ఘటన కాలంలో ఎలా నడుస్తుందో ఆ నడకనే కృతికి నిర్మాణంగా తీసుకుని, వాద్యకారులు చేయగలిగినంతా వారిచేతనే చేయించి, చేతులకూ ఊపిరికీ అందని చోట మాత్రమే పనిని ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించే పద్ధతి ఇది. బేస్ క్లారినెట్, చెల్లో, ఒక తాళవాద్యకారుడు, ఒక కంప్యూటర్ ఉన్న పది నిమిషాల కృతిని ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి కట్టుకుంటూ వెళ్దాం. స్వరలిపి రాయడం, కంప్యూటర్‌లో ధ్వనితో పనిచేయడం కొంత తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఘటనను ఎంచుకోవడం

ముందుగా ఒకే ఒక్క ఘటనను ఎంచుకోండి. అది మీ కృతికి పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ ఘటనలో ఏది, ఎంత కాలంలో, దేనిగా మారుతుందో ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. "నెబ్యులా అందంగా ఉంటుంది" అన్నది ఆ పరీక్షకు నిలవదు. "ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు న్యూట్రాన్ నక్షత్రాలు శక్తిని కోల్పోతూ దగ్గరై, తిరిగే వేగం పెంచుకుంటూ చివరికి ఒకటైపోతాయి" అన్న వాక్యం నిలుస్తుంది, ఎందుకంటే అందులో ఆరంభం, దిశ, ముగింపు మూడూ ఉన్నాయి.

మారకుండా ఉండే ఘటనలు కూడా పనికొస్తాయి, అయితే అవి ఇచ్చేది నిర్మాణాన్ని కాదు, ముడిసరుకును. పల్సార్లు, అంటే వేగంగా తిరుగుతూ క్రమం తప్పకుండా సంకేతాలు పంపే నక్షత్రాలు, అలాంటివి. ఫ్రెంచ్ స్వరకర్త జెరార్ గ్రిసే 1989–90లో ఆరుగురు తాళవాద్యకారుల కోసం రాసిన "ల నువార్ ద లెత్వాల్"లో వేలా పల్సార్, 0329+54 అనే మరో పల్సార్ సంకేతాలే కృతికి లయను ఇస్తాయి. వేలా సెకనుకు సుమారు 11 సార్లు తిరుగుతుంది, రెండవది ఒక చుట్టు తిరగడానికి దాదాపు 0.714 సెకన్లు తీసుకుంటుంది. అంటే నిమిషానికి 84 దెబ్బల నడక. హార్మనీ కావాలనుకునేవారికి హైడ్రోజన్ వర్ణపటం మంచి గని. దృశ్యకాంతిలో కనిపించే దాని నాలుగు ప్రధాన రేఖల పౌనఃపున్యాలను 40 ఆక్టేవులు కిందికి దించితే సుమారు 415.5, 561, 628, 665 హెర్ట్జ్ వస్తాయి. మొదటిది దాదాపు సరిగ్గా జి షార్ప్. మిగిలినవి సి షార్ప్, డి షార్ప్, ఇ స్వరాలకంటే వరుసగా 20, 16, 14 సెంట్ల (అర్ధస్వరంలో నూరో వంతుల) పైన కూర్చుంటాయి. మొదటి రేఖకూ నాలుగో రేఖకూ మధ్య నిష్పత్తి కచ్చితంగా 8:5, అంటే శుద్ధమైన మైనర్ సిక్స్త్. పరమాణువు నుంచి పుట్టిన ఈ నాలుగు స్వరాల సముదాయాన్ని తీగవాద్యాల చతుష్టయంతో ఒకసారి వాయింపజేసి వినండి.

అయినా మొదటిసారి ఈ పని చేసేవారికి నా సలహా నక్షత్రాల తాకిడే. అది ముగింపు వైపు దానంతటదే పరుగెత్తుతుంది, మీరు నాటకీయతను బయటి నుంచి తెచ్చిపెట్టనక్కర్లేదు.

డేటాను తెచ్చుకోవడం

2017 ఆగస్టు 17న లైగో, వర్గో పరికరాలు రెండు న్యూట్రాన్ నక్షత్రాల కలయిక నుంచి వచ్చిన గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలాల్లో పాకే అలలను, నమోదు చేశాయి. అది జరిగింది సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో. 24 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి దాదాపు 100 సెకన్లపాటు, సుమారు 3000 డోలనాల మేరకు, ఆ సంకేతం కనిపించింది. ఢీకొన్న 1.7 సెకన్ల తరువాత గామా కిరణాల విస్ఫోటం అందింది. గురుత్వ తరంగాల డేటాను ఉచితంగా అందించే కేంద్రం నుంచి దీన్ని ఎవరైనా దింపుకోవచ్చు. సెకనుకు 4096 నమూనాలున్న ఫైలు మీ అవసరానికి చాలు. ఢీకొనడానికి కొద్దిగా ముందు ఒక పరికరంలో పెద్ద అవాంతర శబ్దం పడింది కాబట్టి, దాన్ని తొలగించిన ప్రతినే తీసుకోండి.

ఆ ఫైలును నేరుగా స్పీకర్‌లో వేస్తే పరికరపు రొద తప్ప ఏమీ వినిపించదు. రొదను చదును చేసి, అవసరమైన పౌనఃపున్యాల మేరకు వడగట్టాకే సంకేతం జాడ బయటపడుతుంది. ఈ పని ఒకసారి స్వయంగా చేసి చూడమంటాను, కాని ఆ ధ్వనిని కృతిలో వాడమని అనను. మనకు కావలసింది ఆ రికార్డింగ్ కాదు, దాన్ని నడిపించిన సూత్రం.

కాలాన్ని స్వరంగా మార్చే లెక్క

ఆ సూత్రం ఇది: తరంగాల పౌనఃపున్యం, ఢీకొనడానికి మిగిలి ఉన్న కాలానికి మైనస్ మూడు బై ఎనిమిది ఘాతంగా పెరుగుతుంది. దీన్ని స్వరకర్త భాషలో చెప్పుకుంటే, ఒక ఆక్టేవు పైకి వెళ్ళాలంటే మిగిలిన కాలం 6.35వ వంతుకు తగ్గాలి. నక్షత్రాలు నిజంగా ఒకదాన్నొకటి తాకే చివరి క్షణాల్లో ఈ సూత్రం సరిపోదు గాని, సంగీతానికి ఇంతకంటే కచ్చితత్వం అక్కర్లేదు.

పది నిమిషాలకు, అంటే 600 సెకన్లకు, దీన్ని వర్తింపజేయండి. మొదటి ఆక్టేవుకు 8 నిమిషాల 25 సెకన్లు పడుతుంది. రెండవ ఆక్టేవుకు 80 సెకన్లు, మూడవదానికి పన్నెండున్నర సెకన్లు చాలు. నాలుగవది రెండు సెకన్లలో అయిపోతుంది, అప్పటికి మిగిలేది సెకనులో మూడో వంతు. మరింత దగ్గరగా చూస్తే, మొదటి అర్ధస్వరం కదలడానికే 86 సెకన్లు పడుతుంది. మీ కృతి స్వభావమంతా ఈ అంకెల్లోనే ఉంది. ఎనిమిది నిమిషాలపాటు కదలిక ఉందో లేదో తెలియనంత నెమ్మదిగా జరిగి, చివరి నిమిషంన్నరలో సర్వం చేయి దాటిపోతుంది. దీన్ని సరిదిద్దాలని, మధ్యలో ఆసక్తి కోసం ఏదో ఒకటి జరిపించాలని మనసు లాగుతుంది. లొంగకండి. ఆ అసమానతే ఈ ఘటన మనకిచ్చిన రూపం.

ఇప్పుడు కొలత మార్చాలి. లెక్క ప్రకారం సంకేతం 22 హెర్ట్జ్ దగ్గర ఉన్నప్పుడు ఢీకొనడానికి సుమారు 125 సెకన్లు ఉంటుంది. కాలాన్ని 4.8 రెట్లు సాగదీస్తే ఆ 125 సెకన్లు పది నిమిషాలవుతాయి, 22 హెర్ట్జ్ సెకనుకు సుమారు 4.6 డోలనాలకు దిగుతుంది. అది ఇక స్వరం కాదు, లయ. క్వార్టర్ నోట్ నిమిషానికి 69 ఉన్న నడకలో సిక్స్టీంత్ నోట్లు ఆ వేగంతోనే పడతాయి. ఆ లయను సరిగ్గా నాలుగు ఆక్టేవులు పైకి తీసుకెళితే 73.4 హెర్ట్జ్, అంటే చెల్లో మందమైన తీగమీద ఒక స్వరం పైనున్న డి. ఈ విధంగా ఒకే వక్రరేఖ ఒకచోట దెబ్బలుగా, మరొకచోట స్వరంగా వినిపిస్తుంది.

పనిని వాద్యాలకు పంచడం

తాళవాద్యకారుడికి ఆ లయను ఇవ్వండి. చెల్లోకు ఆ స్వరాన్ని ఇవ్వండి. బేస్ క్లారినెట్ మాత్రం మొదటి డి స్వరాన్ని వదలకుండా పట్టుకుని ఉండాలి, ఎందుకంటే కదలిక తెలియాలంటే కదలనిది ఒకటి పక్కన ఉండాలి. చెల్లో డి నుంచి పైకి జారడం మొదలుపెట్టగానే రెండు వాద్యాల మధ్య ధ్వని అలలు (బీట్స్) పుడతాయి. మొదట కొన్ని సెకన్లకొకటి వచ్చే ఉబ్బుగా, 86 సెకన్లు గడిచేసరికి సెకనుకు నాలుగుకు పైగా కొట్టుకునే కంపనంగా అవి వినిపిస్తాయి. క్లారినెట్ కుటుంబపు కింది స్వరాల్లో బేసి సంఖ్య హార్మోనిక్స్ బలంగా ఉంటాయి కాబట్టి, మూడవ హార్మోనిక్ దగ్గర ఇవే అలలు మూడు రెట్లు వేగంగా కొట్టుకోవడం కూడా శ్రద్ధగా వినేవారికి అందుతుంది. ఎనిమిది నిమిషాల నెమ్మదితనాన్ని వినదగినదిగా చేసేది ఇదే.

క్లారినెట్ ఊపిరి గురించి ముందే ఆలోచించాలి. ఆపకుండా ఊదే విద్య అందరికీ ఉండదు, ఉన్నా పది నిమిషాలు అడగడం న్యాయం కాదు. ఊపిరి తీసుకునే చోట్లను స్వరలిపిలో మీరే రాయండి. ఆ ఖాళీల్లో అలలు ఆగిపోయి చెల్లో ఒంటరిగా మిగలడం కృతికి మేలే చేస్తుంది.

చెల్లోకు ఉన్న ఇబ్బంది వేరు. తీగలు మారకుండా రెండు మూడు ఆక్టేవులు జారడం సాధ్యం కాదు. తీగ మారే ప్రతి చోటా అర సెకను అతుకు పడుతుంది, దాన్ని దాచే పని ఎలక్ట్రానిక్స్‌ది. చెల్లో 9 నిమిషాల 57 సెకన్ల దగ్గర, మొదలైన చోటికి మూడు ఆక్టేవుల పైనున్న డి చేరుతుంది, అంతవరకు మంచి వాద్యకారుడికి అసాధ్యం కాదు.

తాళవాద్యకారుడు సెకనుకు 4.6 దెబ్బలతో మొదలై 8 నిమిషాల 25 సెకన్లకు 9.2కు చేరుతాడు. ఇంకా 40 సెకన్లు ఉందనగా వేగం పన్నెండున్నరకు చేరుతుంది, రెండు చేతులతో సమంగా కొట్టగలిగే హద్దు దాదాపు అదే. అక్కడ అతని వేగాన్ని సగానికి తగ్గించి, ప్రతి రెండు దెబ్బల మధ్య కంప్యూటర్ చేత ఒక దెబ్బ వేయించండి. వినేవారికి వేగం పెరుగుతూనే ఉంటుంది, వాద్యకారుడికి మాత్రం ఊపిరి తిరుగుతుంది. ముగింపుకు 12 సెకన్ల ముందు దెబ్బలు సెకనుకు 20 దాటి, లయగా వినిపించడం మానేసి స్వరంగా అతుక్కోవడం మొదలవుతాయి. మూడో వంతు సెకను మిగిలినప్పుడు వాటి వేగం 73.4కు చేరుతుంది. పది నిమిషాలుగా క్లారినెట్ పట్టుకుని ఉన్న డి స్వరం అదే. ఈ కలయికను మీరు అమర్చలేదు, నాలుగు ఆక్టేవుల దూరం ఎంచుకున్నందువల్ల అది దానంతటదే వచ్చింది.

తాళవాద్యంగా పొడిగా, పొట్టిగా మోగేదాన్నే ఎంచుకోవాలి. సెకనుకు 73 దెబ్బలంటే రెండింటి మధ్య 14 మిల్లీసెకన్లకు మించి ఉండదు, గాంగ్ వంటిది పెడితే అంతా అలుక్కుపోతుంది. చెక్క బ్లాకు గాని, గుడ్డ కప్పిన చిన్న డ్రమ్ గాని సరిపోతుంది.

ధ్వని బలం కూడా ఇదే సూత్రం నుంచి వస్తుంది. పౌనఃపున్యం ఒక ఆక్టేవు పెరిగితే తరంగాల బలం 4 డెసిబెల్స్ పెరుగుతుంది, నాలుగు ఆక్టేవులకు 16. అందుకని మొదటి ఎనిమిది నిమిషాలు తక్కువ బలంతోనే సాగాలి.

ఎలక్ట్రానిక్స్‌ను కట్టడం

మాక్స్, ప్యూర్ డేటా, సూపర్‌కొల్లైడర్‌లలో మీకు అలవాటైన ఏ సాఫ్ట్‌వేర్ అయినా పనికొస్తుంది. ప్యూర్ డేటా ఉచితం, దాని ప్యాచ్, అంటే అందులో మీరు కట్టుకునే ప్రోగ్రాం, మామూలు పాఠ్య ఫైలే. ఈ కృతికి నాలుగు ప్రక్రియలు చాలు, అంతకు మించి కలపవద్దని గట్టిగా చెబుతాను.

మొదటిది, కృతికి ప్రాణమైనది, గుణకారం. చెల్లో మైకు సంకేతాన్నీ క్లారినెట్ మైకు సంకేతాన్నీ ఒకదానితో ఒకటి గుణించండి. దీన్నే రింగ్ మాడ్యులేషన్ అంటారు. మామూలుగా ఒక వాద్యాన్ని కంప్యూటర్ పుట్టించిన స్వరంతో గుణిస్తారు, ఇక్కడ మాత్రం రెండూ సజీవమైన వాద్యాలే. ఫలితంగా రెండు పౌనఃపున్యాల మొత్తమూ తేడా కొత్త స్వరాలుగా పుడతాయి. ఒకరు ఆపితే ఆ ధ్వని మాయమవుతుంది, ఎవరు పెంచినా పెరుగుతుంది. రెండు వస్తువుల మధ్య ఉన్న బంధం వల్లనే పుట్టే తరంగాన్ని ధ్వనిలో చూపడానికి ఇంతకంటే నిజాయితీ గల మార్గం నాకు కనిపించలేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. చెల్లో మైకులో క్లారినెట్ కూడా పడితే, క్లారినెట్ తనతో తానే గుణించుకుని అక్కర్లేని పై ఆక్టేవు స్వరం పుడుతుంది. కాబట్టి చెల్లో బ్రిడ్జికి అంటించే కాంటాక్ట్ మైకును గుణకారానికి కేటాయించి, ప్రేక్షకులు వినే ధ్వనికి వేరే మైకు పెట్టండి.

రెండవది, దెబ్బలను పెంచే ప్రక్రియ. తాళవాద్యం మీది కాంటాక్ట్ మైకు నుంచి వచ్చే ప్రతి దెబ్బ ఆరంభాన్ని గుర్తించి, ఇటీవలి 16 దెబ్బలను మెమొరీలో ఉంచి, సూత్రం చెప్పిన వేగంతో వాటిని తిరిగి వేయించండి. ఒకే దెబ్బను పదేపదే వేస్తే యంత్రపు చప్పుడవుతుంది, పదహారు తేడాలున్న దెబ్బలు వేస్తే మనిషి చేయి వినిపిస్తూనే ఉంటుంది. మూడవది ఫ్రీజ్. చెల్లో తీగ మారే క్షణంలో, అప్పటి వర్ణపటాన్ని పట్టుకుని ఒక సెకను నిలబెట్టడం. నాలుగవది, చెల్లో చేరలేని చివరి స్వరాల కోసం దాని ధ్వనినే పైకి జరిపే పిచ్ షిఫ్ట్.

చెల్లో ఏ స్వరం దగ్గర ఉందో కంప్యూటర్ కనిపెట్టాలనుకుంటే ఒక పరిమితి గుర్తుంచుకోండి. 73 హెర్ట్జ్ స్వరపు ఒక్క డోలనానికే దాదాపు 14 మిల్లీసెకన్లు పడుతుంది, కనీసం రెండు డోలనాలు విననిదే కొలత కుదరదు. మంద్రస్వరాల్లో ఈ ఆలస్యం భౌతికమైనది, వేగవంతమైన కంప్యూటర్ కొన్నా పోదు. చెల్లో నెమ్మదిగా కదిలే భాగంలో దీనివల్ల నష్టం లేదు. చివరి 15 సెకన్లలో మాత్రం కొలతను నమ్మకుండా సూత్రాన్నే నమ్మండి.

మైకులు, స్పీకర్లు

బేస్ క్లారినెట్‌కు సాధారణంగా నడుమ ఒకటి, గంట (చివరి వెడల్పైన నోరు) దగ్గర ఒకటి చొప్పున రెండు మైకులు పెడతారు. ఈ కృతిలో అది కింది డి మీదే నిలుస్తుంది, ఆ స్వరానికి రంధ్రాలు దాదాపు అన్నీ మూసుకుని ధ్వని ఎక్కువగా గంట నుంచే వస్తుంది కాబట్టి, గంట దగ్గరి మైకు ఒక్కటీ చాలు. ఆడియో ఇంటర్‌ఫేస్‌ను 48,000 హెర్ట్జ్ దగ్గర, 128 నమూనాల బఫర్‌తో నడిపితే ఒక్కో దిశలో 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం పడుతుంది. గాలిలో ధ్వని ఒక మీటరు ప్రయాణించడానికి పట్టే కాలం దాదాపు అంతే. ప్యాచ్ తడబడితే బఫర్‌ను 256కు పెంచడానికి వెనుకాడకండి.

స్పీకర్లను ప్రేక్షకుల చుట్టూ పేర్చాలన్న కోరిక ఈ విషయంలో సహజమే గాని, ఇక్కడ గుణకార ధ్వని ఇద్దరు వాద్యకారుల మధ్య నుంచే రావాలి. చెల్లోకూ క్లారినెట్‌కూ మధ్య, వారికి కాస్త వెనుకగా ఒక స్పీకర్ పెట్టి, అది మైకుల్లోకి తిరిగి పడి కూత పెట్టకుండా దిశ సర్దుకోండి. తేడా స్వరాలు చాలా కిందికి దిగుతాయి కనుక సబ్‌వూఫర్ తప్పనిసరి.

స్వరలిపి, సూచనలు

సెకన్ల కొలతలో రాయండి, బార్లు వద్దు. పేజీ వెడల్పును అన్ని చోట్లా ఒకే కాలానికి కేటాయిస్తే మొదటి పేజీలు ఖాళీగా, చివరి పేజీ కిక్కిరిసి ఉంటుంది. అందువల్ల చివరి 40 సెకన్లకు వేరే కొలత పెట్టి, మారిన చోట స్పష్టంగా గుర్తు వేయండి. చెల్లో వరుసలో ప్రతి అర్ధస్వరానికి చేరవలసిన సమయాన్ని నిమిషాలు, సెకన్లలో రాసి, మధ్యలో గీత గీస్తే చాలు. సెంట్ల లెక్క ఆ గీతమీద రాస్తే చదవడానికి భారమే తప్ప ఉపయోగం లేదు. ముగ్గురికీ కనిపించేలా పెద్ద గడియారం ఒకటి కంప్యూటర్ నుంచి నడవాలి. ఎలక్ట్రానిక్స్ మార్పులను వరుస సంఖ్యలున్న సూచనలుగా (క్యూలుగా) గుర్తించి, వాటిని క్లారినెట్ వాద్యకారుడు కాలి పెడల్‌తో మొదలుపెట్టే ఏర్పాటు చేయండి. కంప్యూటరే స్వరలిపిని వింటూ అనుసరించే పద్ధతులు 1980లలోనే పారిస్‌లోని సంగీత పరిశోధన సంస్థ ఇర్కామ్ వంటి చోట్ల మొదలయ్యాయి, ఇప్పుడు బాగా పరిణతి చెందాయి. అయినా ఇంత నెమ్మదిగా జారే స్వరంలో వాటికి పట్టుకోవడానికి ఆనవాళ్ళు దొరకవు.

తాకిడి తరువాత ఏం చేయాలన్నది మీరు తీసుకోవలసిన పెద్ద నిర్ణయం. అసలు ఘటనలో గామా కిరణాలు 1.7 సెకన్ల తరువాత వచ్చాయి. కాలాన్నంతా 4.8 రెట్లు సాగదీశాం కాబట్టి ఆ మౌనాన్నీ సాగదీస్తే సుమారు 8 సెకన్లు. ఆ 8 సెకన్లు ముగ్గురూ కదలకుండా ఉండాలని స్వరలిపిలో రాసి, ఆ తరువాత ఒకే ఒక్క దెబ్బ, దానితో పాటు చెల్లో, క్లారినెట్‌ల నుంచి స్వరం లేని గరుకు ఊపిరి, విల్లు శబ్దం పెట్టండి. మౌనం మరీ పొడవనిపించి కుదించాలని సాధనలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ప్రేక్షకుల ముందు ఒకసారి వాయించి చూశాకే ఆ మాట వినండి.

సాధన

మొదటి సాధన ఎలక్ట్రానిక్స్ లేకుండా జరగాలి. అలలు గదిలో సహజంగా ఎలా కొట్టుకుంటాయో చెల్లో, క్లారినెట్ వాద్యకారులు విని పట్టుకున్నాకే గుణకారాన్ని కలపండి, దెబ్బల ప్రక్రియను ఆ తరువాత కలపండి. ఏ సూచన నుంచి కావాలంటే ఆ సూచన నుంచి మొదలుపెట్టగలిగేలా ప్యాచ్‌ను మొదటి రోజే రాసుకోవాలి. చివరి 40 సెకన్లను సాధన చేయడానికి ప్రతిసారీ తొమ్మిది నిమిషాలు వేచి ఉండమంటే ఏ వాద్యకారుడికైనా ఓపిక నశిస్తుంది. సూచనకు దూకినప్పుడు గడియారం, వేగం, ధ్వని స్థాయిలు అన్నీ ఆ క్షణానికి తగ్గట్టు సర్దుకోవాలి. ప్రతి సూచనకూ ఆ విలువలన్నింటినీ పట్టికగా రాసి ఉంచుకోవడం ఇందుకు సులువైన మార్గం.

కార్యక్రమ పత్రంలో రాసే పరిచయం నాలుగు వాక్యాలు దాటనక్కర్లేదు. గురుత్వ తరంగాలు ధ్వని కావని, కాలాన్ని 4.8 రెట్లు సాగదీసి, స్వరాన్ని ఆ లయకు నాలుగు ఆక్టేవుల పైన పెట్టామని చెప్పండి. "విశ్వం పాడిన పాట" వంటి మాటలు రాయకండి.

చివరి సాధనలో ఒక్కో మైకు సంకేతాన్ని ఏ ప్రక్రియా కలపకుండా వేరువేరుగా రికార్డు చేసి, ప్యాచ్‌తో పాటు దాచండి. ప్రతి ప్రక్రియ ఏం చేస్తుందో సాఫ్ట్‌వేర్ పేరు ఎత్తకుండా సూత్రాలతో, అంకెలతో వివరించే రెండు పేజీలను కూడా ఆ ఫోల్డర్‌లో పెట్టండి. కొన్నేళ్ళకు సాఫ్ట్‌వేర్ మారిపోయి మరొకరు ప్యాచ్‌ను మళ్ళీ రాయవలసి వచ్చినప్పుడు, ఆ వివరణ చూసి రాసుకుని, ఆ రికార్డింగులను దానిలోకి పంపి, ఫలితం మీ కచేరీ రికార్డింగ్‌తో సరిపోతుందో లేదో వాద్యకారులను పిలవకుండానే సరిచూసుకోగలుగుతారు.